మూడడుగుల చూరు

పదహారేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అని రాశాను గాని, అది సరైన మాట కాదేమో. బరువైతే ఎక్కడో ఒక అరుగు మీద దించి కాసేపు ఊపిరి పీల్చుకోవచ్చు. ఇది దిగదు. పొద్దున పళ్ళు తోముకుంటుంటే ఉంటుంది, అన్నం కలుపుకుంటుంటే ఉంటుంది. ఒక్కోరోజు మర్చిపోయాననే అనుకుంటాను. పెరట్లోకి వెళ్ళి ఆ షెడ్డు కప్పు చూడగానే మళ్ళీ వచ్చి పక్కన కూర్చుంటుంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకి చెప్పాలంటే ముందు వాళ్ళ మొహంలోకి చూడాలి. చెప్తూ ఉంటే ఆ మొహం మారడం చూడాలి. అంత ధైర్యమే నాకుంటే ఈ కాగితం అవసరమే పడేది కాదు.

నేను డ్రాయింగ్ మాస్టారిని. భట్టిప్రోలు దగ్గర ఒక హైస్కూల్లో పనిచేసి రిటైరయ్యాను. ఇల్లు రేపల్లెలో. రోజూ బస్సులో వెళ్ళి వచ్చేవాణ్ణి. గీత వంకరగా ఉంటే నాకు అన్నం సహించదు. గోడకి క్యాలెండర్ ఒక పక్కకి ఒరిగి ఉంటే, అది ఎవరింట్లోనైనా సరే, లేచి వెళ్ళి సరిచేసి వచ్చి కూర్చుంటాను. నా భార్య రాజ్యలక్ష్మి ఇందుకు ఎంత సిగ్గుపడేదో. ఊళ్ళో నాకొక పేరుంది. మాస్టారు అబద్ధం ఆడరు అని. సొంత మేనల్లుణ్ణి డ్రాయింగ్ పరీక్షలో తప్పించాననీ, అక్క వచ్చి ఏడ్చినా కరగలేదనీ చెప్పుకుంటారు. వాడు బిందె గీస్తే వంకాయలా వచ్చింది. తప్పించక ఏం చేస్తాను? ఏమైతేనేం, పేరు వచ్చింది. ఆ పేరునే నేను తర్వాత వాడుకున్నాను.

ముందు స్థలం సంగతి చెప్పాలి. మా స్థలం వీధి వైపు వెడల్పుగా ఉండి, పెరట్లోకి వెళ్ళేకొద్దీ సన్నబడుతుంది. దాన్ని పులిముఖం అంటారు. అలాంటి చోట కాపురం ఉంటే ఇల్లు నిండదని వాస్తు చూసేవాళ్ళు చెప్తారు. స్టాఫ్ రూములో ఎవరైనా ఈ మాట ఎత్తితే నేను ఆటపట్టించేవాణ్ణి. పులికి మన పెరడు కొలిచే తీరిక ఎక్కడిదండీ అనేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్ళు. ఇంటికొచ్చాక నవ్వు వచ్చేది కాదు. రాజ్యలక్ష్మికి రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి పోయింది. రెండోసారి ఆవిడ ఆసుపత్రి నుంచి వచ్చి, వంటింటి గుమ్మంలో కూర్చుని పెరటి వైపు చూస్తూ ఉండిపోయింది. ఆవిడ ఎప్పుడూ ఆ మాట అననేలేదు. నేనే ఆవిడ చూపు ఎటు పోతోందో కొలుచుకుంటూ ఉన్నాను.

పెరటికి తూర్పున ఎవరున్నారంటే మస్తాన్. వడ్రంగి. నా ఈడువాడే. వాళ్ళ నాన్న కూడా ఆ పనే చేశాడు. ముందు రెండు చిన్న గదుల ఇల్లు, వెనక తాటాకు పంచ కింద అతని పని. అతని పెరట్లోకి కాలవ రోడ్డు నుంచి ఒక సందు ఉండేది, నాలుగడుగుల వెడల్పు. మా పెరటిని ఆనుకునే ఉండేది. మధ్యలో గోడ లేదు, పలచటి గోరింట కంచె. దుంగలు, దూలాలు, పెద్ద తలుపుల చెక్కలు అన్నీ ఆ సందులోంచే రావాలి. ముందు వైపు ఇల్లు ఇరుకు, గుమ్మం దాటగానే మలుపు. పొడుగు కలప అటు తిరగదు. వడ్రంగికి ఆ సందు ఎంతో మీకు చెప్పక్కర్లేదు. నాకు తెలియదా? నాకు ఇంకా బాగా తెలుసు.

మస్తాన్‌కీ నాకూ స్నేహం అనొచ్చు. సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చి, కాఫీ గ్లాసు పట్టుకుని కంచె దగ్గర నిలబడేవాణ్ణి. అతను చిత్రిక పడుతూనే మాట్లాడేవాడు. నాకు పిల్లలు లేరు, మేనల్లుడు తర్వాత నాతో మాట్లాడలేదు, తోటి మాస్టార్లు నా చాదస్తానికి విసుక్కునేవాళ్ళు. రోజు మొత్తంలో నన్ను చూసి మొహం విప్పేది ఇద్దరే, ఇంట్లో ఒకరు, కంచె అవతల ఒకరు. ఈ లెక్క నాకు అప్పుడు తెలియలేదు.

షెడ్డు వేయించాలనుకున్నాను. కట్టెలు, సైకిలు, ఇంట్లో పట్టని సామాను పెట్టుకోవడానికి. పెరటి చివర, సరిగ్గా ఆ కంచె పక్కన. కంచెకి అరడుగు ఇవతల గోడ. దానికి ఒకవైపు వాలు కప్పు చాలు. మా పెరట్లోకే వాలేటట్టు నాలుగు రేకులు పరిస్తే ఒక్క రోజులో అయిపోయే పని. నేను అలా గీయలేదు. రెండు వైపులా వాలు, మధ్యలో రెండూ కలిసే కొప్పు, మీద బెంగుళూరు పెంకులు. కాగితం మీద చాలా అందంగా వచ్చింది. మా వైపు చూరు అడుగున్నర. మస్తాన్ వైపు చూరు మూడడుగులు. కట్టెలు తడవకుండా అని రాశాను పక్కన. నిజానికి మనసులో ఏముంది? పెరటి వెనక వైపు ఒక రెండున్నర అడుగులు పెరిగితే ముందూ వెనకా సమానమవుతుంది. అది నేను ఎప్పుడో కొలిచి పెట్టుకున్నాను.

మా వైపు ఊళ్ళలో ఒక పద్ధతి ఉంది. కాగితాల్లో ఏమున్నా లేకపోయినా, చూరు నీళ్ళు ఎక్కడ పడితే అక్కడిదాకా ఆ ఇంటివాళ్ళ జాగా అని పెద్దమనుషులు తేలుస్తారు. ఏళ్ళ తరబడి వాన కారి కారి నేల మీద ఒక గాడి పడుతుంది. తగువొస్తే ముందు ఆ గాడినే చూస్తారు. అప్పటికప్పుడు ఆక్రమించాలని నేను అనుకున్నానా? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. అనుకోలేదనే చెప్పుకున్నాను చాలాకాలం. కానీ మూడడుగులు ఊరికే గీయరు. నేను గీసే మనిషిని, నాకు తెలియదా.

కప్పు కట్టింది మస్తానే. ఇంకెవరు కడతారు? పక్కింటివాడికి కూలి ఏంటండీ, రెండు పూటలా మీ ఇంట్లో కాఫీ చాలు అన్నాడు. కాగితం తిప్పి తిప్పి చూశాడు. మూలమట్టంతో నేల మీద ఒక గీత గీశాడు. ఇంకొకటి గీశాడు. అప్పుడు అడిగాడు.

"మాస్టారూ, ఈ చూరు నా దారిలోకి వస్తది కదండీ. ఒంటి వాలు వేసుకుంటే సరిపోద్దేమో."

"పెంకుల కప్పుకి రెండు వాలులే అందం మస్తానూ. గోడ నా జాగాలోనే ఉందిగా. చూరు ఒక్కటేగా. నీకెప్పుడు అడ్డమైతే అప్పుడు కోసేద్దాం."

"అడ్డమేం ఉందిలెండి. నీళ్ళేగా. నా వైపు పడితే నా మునగచెట్టు తాగుద్ది."

"మాట ఇస్తున్నాను. ఎప్పుడంటే అప్పుడు."

"మీరు అన్నాక ఇంకేంటండీ" అని బాడిసె తీసుకున్నాడు.

అంతే జరిగింది. ఎవరూ లేరు. రాజ్యలక్ష్మి లోపల పప్పు తాలింపు వేస్తోంది. ఈ నాలుగు మాటలూ నాకు ఇవాళ కూడా అక్షరం పొల్లు పోకుండా గుర్తున్నాయి. అతను ఏ చేత్తో కాగితం పట్టుకున్నాడో, చెవి మీద పెన్సిలు ఎంత మొండిగా ఉందో కూడా.

పని తొమ్మిది రోజులు పట్టింది. ఎక్కడో ఇల్లు పడగొడుతుంటే చేవ దేరిన తాటి వాసాలు ఏరి తెచ్చాడు. నల్లగా, వేలితో కొడితే గట్టిగా పలికేవి. కొప్పు దూలం ఎక్కించే రోజు నేను తొందరపడుతుంటే అతనే ఆపాడు. అమ్మగారూ, పసుపు గుడ్డ కట్టండి, మీ పద్ధతి మీరు చేసుకోండి, తర్వాత ఎత్తుతా అన్నాడు. రాజ్యలక్ష్మి పసుపు రాసి, కుంకుమ పెట్టి, మావిడాకులు కట్టింది. అతనికి కొత్త లుంగీ, తువ్వాలు పళ్ళెంలో పెట్టి ఇచ్చింది. ఆవిడ మొహంలో చాలా రోజుల తర్వాత కళ చూశాను. పెంకులన్నీ పరిచాక మస్తాన్ కిందికి దిగి, కాలవ రోడ్డు దాకా వెనక్కి నడిచి వెళ్ళి, అక్కణ్ణించి ఒక కన్ను మూసి కొప్పు తిన్నగా ఉందో లేదో చూశాడు. నా బొమ్మ కంటే బాగుంది ఆ కప్పు. ఆ మాట అతనితో అన్నాను. సంతోషించాడు. ఆ రోజు నుంచి అతను దుంగ మోసుకొచ్చినప్పుడల్లా నేను గీసిన ఆ మూడడుగుల చూరు కింద తల వంచుకుని వెళ్ళేవాడు.

ఆరేళ్ళు గడిచాయి. ఇల్లు నిండలేదు. చూరు కింద గాడి మాత్రం చక్కగా పడింది. మట్టి కొట్టుకుపోయి సన్న గులకరాళ్ళు తేలి, తాడు పట్టి గీసినట్టు వరసగా. వానాకాలంలో నేను కిటికీ దగ్గర నిలబడి ఆ నీళ్ళు పడటం చూసేవాణ్ణి. ఏం చూస్తున్నారు అని రాజ్యలక్ష్మి అడిగితే, వాన అనేవాణ్ణి.

ఆ ఏడు మస్తాన్ కొల్లూరు వెళ్ళాడు. లంకలో ఎవరో కొత్త ఇల్లు కడుతుంటే ద్వారబంధాలు చెయ్యడానికి, వారం రోజుల పని. అతను వెళ్ళిన మర్నాడే నేను మేస్త్రీని పిలిపించి ప్రహరీ గోడకి పునాది తవ్వించాను. ఎక్కడ? సరిగ్గా ఆ గాడి మీద. నేనే తాడు పట్టాను. గోరింట కంచె పీకించేశాను. అతను ఉన్నప్పుడు తవ్వించలేకపోయాననేది మీరు గమనించే ఉంటారు. అప్పుడు మాత్రం సెలవులు కలిసొచ్చాయి అని చెప్పుకున్నాను.

తిరిగొచ్చేసరికి మోకాలెత్తు గోడ లేచింది. సందులో అడుగున్నర మిగిలింది. మనిషి పక్కకి తిరిగి నడవాలి. అతను సంచీ భుజం మీదే ఉంచుకుని ఆ గోడ చివర నిలబడ్డాడు. నేను బయటికి వెళ్ళలేదు. ఆ సాయంత్రం కంచె దగ్గరికి కాఫీ పట్టుకెళ్ళలేదు. కంచే లేదు.

అతను అరవలేదు. మూడో రోజు వీధి పెద్ద వెంకట్రామయ్య గారిని వెంటబెట్టుకుని వచ్చాడు. వెంకట్రామయ్య గారు ముసలాయన, ఇలాంటి తగువులు చాలా తేల్చినాయన. ఇంకో ఇద్దరు వచ్చారు. పెరట్లో కుర్చీలు వేశాను. రాజ్యలక్ష్మి మజ్జిగ ఇచ్చింది. వెంకట్రామయ్య గారు లేచి చేతికర్రతో చూరు అంచు చూపించి, గోడకి అటు పక్క మిగిలిన గాడిని పొడిచి చూశారు. గట్టిగానే పడింది అన్నారు. ఆ తర్వాత మస్తాన్ వైపు తిరిగారు.

"ఈ కప్పు ఎవరు కట్టారు?"

"నేనేనండి."

"చూరు నీ జాగాలోకి వస్తంటే నీ చేత్తో నువ్వే ఎట్టా కట్టావయ్యా? అప్పుడేమన్నా మాట అనుకున్నారా?"

మస్తాన్ నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే నాకు కొంచెం సులువయ్యేది. లేదు. గట్టి సాక్షి దొరికినవాడు ఎలా చూస్తాడో అలా చూశాడు.

"అనుకున్నామండి. మాస్టారు చెప్తారు" అన్నాడు.

వెంకట్రామయ్య గారు, చెప్పండి మాస్టారూ, మీ మాటంటే మాకు మాటే అన్నారు. మజ్జిగ గ్లాసు నా చేతిలో ఉంది. లోపల గుమ్మం దగ్గర రాజ్యలక్ష్మి నిలబడి ఉంది. గోడ తిన్నగా లేచింది, ముందూ వెనకా సమానంగా. నేను అన్నాను:

"అలా అనుకున్నట్టు నాకు గుర్తులేదండి."

ఆ మాట ఎందుకు ఎంచుకున్నాను? అసలు మాటే అనుకోలేదు అనేసి ఉండొచ్చు. అది నిలువునా అబద్ధం, నా నోరు అంతదాకా వెళ్ళలేదు. గుర్తులేదు అంటే సగం అబద్ధమే అనిపించింది. సగంతో పోతుంది కదా అనుకున్నాను. మంచివాళ్ళని పేరున్నవాళ్ళు అబద్ధమాడినా కొంచెం మర్యాదగా ఆడతారు. ఈ మర్యాదే అతన్ని ఎక్కువ దెబ్బతీసిందని నాకు ఏడేళ్ళ తర్వాతగాని తెలియలేదు.

మస్తాన్ నా కళ్ళలోకి చూశాడు. తర్వాత నేల చూశాడు. కనుబొమ్మలు ముడేసి ఏదో వెతుక్కుంటున్నట్టు చాలాసేపు నేల చూశాడు. వెంకట్రామయ్య గారు, మాస్టారు లేదంటే లేనట్టే, గోడ కానివ్వండి అని తేల్చేశారు. అందరూ లేచారు. మస్తాన్ వెళ్తూ వెళ్తూ ఖాళీ గ్లాసులు ఏరి అరుగు మీద పెట్టి వెళ్ళాడు.

గోడ పూర్తయింది. అతను పొడుగు కలప ఇంటి ముందు నుంచి తేవడానికి చూశాడు. ఒకసారి కిటికీ ఊచలు ఊడదీసి, మంచం బయట పెట్టి, ఒక దూలాన్ని ముగ్గురు పట్టుకుని లోపలికి తోశారు. నేను మా వరండాలో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. ఆ తర్వాత దూలాలు రాలేదు. పీటలు, స్టూళ్ళు, పూజ మందిరాలు చేశాడు కొన్నాళ్ళు. ఏడాది తిరక్కముందే ఇల్లు అమ్మేసి తెనాలి వెళ్ళిపోయాడు, ఒక ఫర్నిచర్ షాపులో పనికి. సొంత పంచ కింద పనిచేసినవాడు. వెళ్ళేముందు చెప్పడానికి వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి, మాస్టారూ, మీ షెడ్డులో మూడో వాసానికి చెద కనపడుతోంది, కిరసనాయిలు పూయించండి అని చెప్పాడు. సరే అన్నాను. ఎక్కడి నుంచి చూశాడు అది? అడగలేదు.

ఇంతవరకే అయితే, ఇది ఒక గోడ తగువు. ప్రతి వీధిలోనూ ఉంటుంది. నేను మీకు చెప్పాలనుకున్నది ఇది కాదు. ఇది చెప్తేగాని అది అర్థం కాదని చెప్పాను.

తొమ్మిదేళ్ళ కిందట బాపట్లలో ఒక పెళ్ళికి వెళ్ళి, తిరిగి రావడానికి స్టేషన్‌లో కూర్చున్నాను. మధ్యాహ్నం. రాజ్యలక్ష్మికి అప్పటికే ఒంట్లో బాగుండటం లేదు, ఒక్కణ్ణే వెళ్ళాను. మాస్టారూ అని ఎవరో పిలిచారు. చూస్తే మస్తాన్. జుట్టు మొత్తం తెల్లబడింది. చేతిలో పనిముట్ల గోనెసంచీ. సూర్యలంక రోడ్డులో ఎవరింటికో తలుపులు బిగించి వస్తున్నాడు. పక్కన కూర్చున్నాడు. అమ్మగారు బాగున్నారా అని అడిగాడు. టీ తెచ్చాడు. నేను గబగబా తాగేశాను. అప్పుడు, ప్లాట్‌ఫాం మీదికి చూస్తూ, ఎప్పట్నించో దాచుకున్నట్టు నెమ్మదిగా అన్నాడు.

"అప్పుడు పెద్దాయన్ని పిలుచుకొచ్చి మిమ్మల్ని నలుగుర్లో నిలబెట్టాను మాస్టారూ. తప్పయిందండి. మీరు ఆ మాట అని ఉండరు. నేనే పొరబడుంటాను. మీరు అని ఉంటే లేదనరు కదా. చాలా ఆలోచించాను. నా చెవులే అట్టా విన్నాయేమో."

ఆ క్షణం నాకు నోరుంది. ఎదురుగా మనిషి ఉన్నాడు. వినడానికి మూడో మనిషి లేడు. గోడ కూల్చమని అడగటం లేదు, జాగా అడగటం లేదు, ఆ ఇల్లే అతనిది కాదు ఇప్పుడు. కాదు మస్తానూ, నువ్వు సరిగ్గానే విన్నావు అంటే చాలు. అయిదే అయిదు మాటలు. నేను ఏం చేశానో తెలుసా? అతని భుజం మీద చెయ్యి వేశాను. వేసి,

"పోనీలే మస్తానూ. పాత సంగతులు ఎందుకు? నేనేం మనసులో పెట్టుకోలేదు" అన్నాను.

క్షమించాను. అర్థమైందా మీకు? నేను అతన్ని క్షమించాను. అతను రెండు చేతులూ జోడించాడు. కళ్ళు తుడుచుకున్నాడు. రైలొస్తే ఇద్దరం ఒకే పెట్టె ఎక్కాలి, అతనిదీ తెనాలే, నాదీ తెనాలి దాకానే. వెనక పెట్టెలో మావాళ్ళున్నారని చెప్పి నేను వెనక్కి నడిచాను. మావాళ్ళంటూ ఎవరూ లేరు. తెనాలి దాకా తలుపు దగ్గర నిలబడే ఉన్నాను. దిగాక అతను నా కోసం చూస్తాడేమోనని, జనం అంతా పోయేదాకా పెట్టెలోంచి దిగలేదు. తర్వాత రేపల్లె రైలెక్కి ఇంటికొచ్చాను. పెళ్ళి భోజనం ఎలా ఉందని రాజ్యలక్ష్మి అడిగింది. బాగుంది అన్నాను.

జాగా తీసుకున్నాను, ఆ తప్పు నాకు తెలుసు. కానీ ఒక మనిషి చెవుల మీద అతనికే నమ్మకం పోయేలా చేశానని బాపట్లలో తెలిసింది. లేదు అని ఉంటే నన్ను దొంగ అనుకునేవాడు, తిట్టుకునేవాడు, నిశ్చింతగా ఉండేవాడు. గుర్తులేదు అని నేను మర్యాదగా అన్నందుకు, నా పేరు నిలబెట్టడం కోసం తన బుర్రనే తప్పు పట్టుకున్నాడు. నా మీద గౌరవం అతనికి అంత ఖరీదైంది. అది నాకు తెలిసి కూడా సరిచెయ్యలేదు. పక్కింట్లో క్యాలెండర్ వంకరగా ఉంటే లేచి వెళ్ళేవాణ్ణి.

అయిదేళ్ళ కిందట రాజ్యలక్ష్మి పోయింది. ఆవిడకి చెప్పలేదు. ఒకసారి, మంచంలో ఉన్నప్పుడు, మస్తాన్ అన్నయ్య ఒక్కసారైనా చూడటానికి రాలేదేమండీ అంది. ఏమో అన్నాను. ఇప్పుడు ఇంట్లో నేను ఒక్కణ్ణే. సాయంత్రం కాఫీ పెట్టుకుని పెరట్లోకి వెళ్తే ఎదురుగా గోడ. నేను కట్టించిందే. అవతల కొత్తవాళ్ళు ఉన్నారు, మంచివాళ్ళే, ఎప్పుడైనా కనపడితే తలూపుతారు. గోడ మీదుగా మాట్లాడుకోవడం ఎవరికీ అలవాటు లేదు.

పోయిన నెల తెనాలి వెళ్ళాను. అతనికి చెప్పాలని. ఎందుకు ఇప్పుడు అంటే నాకే తెలియదు. షుగరు పెరిగి ఒకరోజు బాత్రూములో పడ్డాను, లేపేవాళ్ళు లేరు, గంటసేపు ఆ నేల మీదే ఉన్నాను. అప్పుడు ఎవరో ఒకరు నా పేరు పిలిస్తే బాగుండుననిపించింది. పిలిచే గొంతులు గుర్తుచేసుకుంటే ఆవిడ తర్వాత అతనిదే వచ్చింది. ఆ ఫర్నిచర్ షాపులో అడిగాను. మస్తాన్ పోయి రెండేళ్ళయిందని చెప్పారు. కూతురు జరీనా ఇల్లు చూపించారు. రేపల్లెలో ఉన్నప్పుడు చిన్నపిల్ల. ఇప్పుడు ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతోంది.

నన్ను గుర్తుపట్టింది. కుర్చీ తుడిచి వేసింది, టీ ఇచ్చింది. వాళ్ళ నాన్న గురించి తనే చెప్పుకొచ్చింది. చివర్లో షాపువాళ్ళు పని తగ్గించేశారట. ఎవరైనా తలుపు కొలత చెప్తే నాలుగుసార్లు అడిగేవాడట. చెప్పినవాళ్ళు విసుక్కునేవాళ్ళట. "ఏంటి నాన్నా ఇన్నిసార్లు అంటే, నా చెవుల్ని నేను నమ్మను తల్లీ, ఒకసారి మోసపోయాను వీటివల్ల అనేవారండి" అని నవ్వింది. ముసలాళ్ళ సంగతులు చెప్పుకుని నవ్వుకుంటాం చూడండి, అలా.

చెప్పేశాను. గ్లాసు కింద పెట్టి, మొదట్నించీ చెప్పాను. చూరు, మాట, మజ్జిగ గ్లాసు, బాపట్ల. చెప్తున్నంతసేపూ ఆమె మొహం చూడలేదు, మిషన్ చక్రం చూశాను. అయిపోయాక ఆమె సగం కుట్టిన జాకెట్టుని సూది కింద సరిచేసింది, మళ్ళీ తీసేసింది.

"అయితే మా నాన్న సరిగ్గానే విన్నారన్నమాట" అంది.

"అవునమ్మా."

"అది ఆయనకి తెలియకుండానే పోయారండి."

అంతే అంది. గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది. కాసేపు చూశాను, మళ్ళీ రాలేదు. చెప్పులు వేసుకుని వచ్చేశాను. క్షమించమని నేను అడగలేదు. ఏ మొహం పెట్టుకుని అడుగుతాను? బాపట్లలో ఒకసారి ఆ క్షమించడం అనేదాన్ని నేను ఎలా వాడానో నాకు తెలుసు.

మీరు కూడా ఏమీ అనక్కర్లేదు. పర్వాలేదు అనొద్దు, పాపం అని కూడా అనొద్దు. ఎక్కడో ఒకచోట రాసి ఉండాలని రాస్తున్నాను. ఆ రోజు పెరట్లో వెంకట్రామయ్య గారు అడిగినదానికి సమాధానం ఇది. మాట అనుకున్నాం. చూరు కోసేస్తానని మాట ఇచ్చింది నేను. మస్తాన్ విన్నది నిజం. నాకు గుర్తుంది. వెంకట్రామయ్య గారు అడిగిన ఆ రోజు కూడా నాకు గుర్తే ఉంది.